ఎడమచేతి కుట్టు

నా భార్య భూలక్ష్మి ఆ చలికాలమంతా ఒకే ఒక్క మాటతో బతికింది. ఆ మాట "పో".

దీపావళికి ముందు ఒకరోజు పొద్దున, రాట్నం ముందు కూర్చుని నాకు కండెలు చుట్టి ఇస్తున్న మనిషి ఉన్నట్టుండి కుడివైపుకు ఒరిగిపోయింది. నేను మగ్గం గుంటలోంచి ఎక్కి వచ్చేసరికి ఎడమచేతిలో దారం అట్లాగే ఉంది, మూతి మాత్రం ఒక పక్కకు జారింది. ఎదురింటి బాబా ఆటో తీసి, ఎక్కడా ఆపకుండా కర్నూలు దాకా తోలాడు. ప్రాణం దక్కింది. గద్వాలకు తెచ్చుకున్నాక కుడికాలు మెల్లగా తేరుకుంది. నా భుజం పట్టుకుని వాకిలి దాకా నడిచేది. కుడిచెయ్యి తేరుకోలేదు. మాటలన్నీ పోయి ఆ ఒక్కటి మిగిలింది.

లోపల అన్నీ ఉన్నాయనీ, బయటికి రావడానికి వాటికి దారి దొరకడం లేదనీ డాక్టరు చెప్పాడు. మాట్లాడిస్తూ ఉండమన్నాడు. నేను మాట్లాడేవాణ్ణి. ఆమె "పో" అనేది. అన్నం ముందు పెడితే పో, దుప్పటి కప్పితే పో. చూడవచ్చిన చుట్టాలను కూడా పో అంటే వాళ్ళు చిన్నబుచ్చుకుని లేచేవాళ్ళు. మొదట్లో నాకూ ప్రాణం చివుక్కుమనేది. పోనుపోను ఆ ఒక్క మాటలోనే తేడాలు పట్టుకున్నాను. సాగదీస్తే నీళ్ళు. మూలిగినట్టు అంటే నొప్పి. కసిరినట్టు అంటే వద్దు. ఒక్కోసారి నిజంగానే నన్ను పొమ్మనేది. మగ్గం చప్పుడు చాలాసేపు వినపడకపోతే అట్లా అనేది.

మాకు ఒక్కతే బిడ్డ, సుమన. కొత్తకోటలో ఇచ్చాము. అల్లుడు జగదీశ్‌కు అక్కడ హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. సుమనకు తొలికాన్పు. శివరాత్రి దాటాక ఎప్పుడైనా కావచ్చన్నారు. పుట్టింటికి రావలసిన కాన్పు. కడుపుతో ఉందన్న కబురు తెలిసిన రోజే భూలక్ష్మి పాత నూలుచీరలు ఏరి, ఉతికి ఆరేసి, మూటకట్టి అటక మీద పెట్టించింది, పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలని. మా వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా కింద పరిచే బొంత ఆమె చేతిదే. బాబా భార్య షాహెదా పిల్లలు ముగ్గురూ ఆమె కుట్టిన బొంతల మీదే బోర్లపడ్డారు. ఆ మూట అటక మీదే ఉండిపోయింది.

మాఘమాసం మొదట్లో, చలి ఇంకా పొద్దునపూట కొరుకుతున్న రోజుల్లో జగదీశ్ బండి మీద వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"మామా, తప్పుగ అనుకోవద్దు. మా అమ్మ చెప్పి రమ్మన్నది. కాన్పు మా దగ్గర్నే చేయిస్తం. ఈడ అత్తమ్మకే ఒకరు కావాలె. ఇంగ బాలింతను, పసిగుడ్డును ఎవరు చూస్తరు?"

ఆ మాటలో తప్పేమీ లేదు. నేనూ చాలాసార్లు అదే అనుకున్నాను.

"సుమన ఏమంటుంది?"

"ఏడుస్తది మామా. ఏం జేస్తం? జరసేపు ఏడ్చి ఊకుంటది."

"గట్లనే కానియ్ బిడ్డా. మీరు మంచిగనే ఆలోచించిన్రు."

లోపల మంచం మీదినుంచి, గట్టిగా, "పో!" అని వినిపించింది.

జగదీశ్ హెల్మెట్ తిప్పడం ఆపాడు.

"తిని పో అంటుంది," అన్నాను. "కాళ్ళు కడుక్కో."

పాపం, తినే వెళ్ళాడు. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. నేనే చేశాను. రొట్టె అంచులు పగిలాయి. అతను మాత్రం ఏమీ అనకుండా తిన్నాడు. వెళ్ళేటప్పుడు లోపలికి వెళ్ళి అత్తగారి కాళ్ళు తాకాడు. భూలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు ఇంకేమీ ముట్టలేదు. పక్కన కూర్చుని, "కొత్తకోట ఎంత దూరముందే? పుట్టినంక పోయి చూసొద్దాం," అన్నాను. గోడవైపు నుంచి "పో" కూడా రాలేదు. ఆ ఒక్క మాట కూడా లేకపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

మరునాడు పొద్దున నేను మగ్గంలో దిగి నాలుగు పోగులు కూడా వేయలేదు, లోపల దబ్బుమని చప్పుడైంది. పరుగెత్తి వెళ్ళాను. భూలక్ష్మి పడిపోలేదు. కర్రతో అటక మీది మూటను కిందికి లాగింది. ముడి విడిపోయి చీరలన్నీ ఆమె చుట్టూ పడ్డాయి. వాటి మధ్యలో నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎడమచేత్తో ఒక్కొక్కటే దులుపుతోంది.

"ఏందే? చీర కట్టుకుంటవా? స్నానం చేపియ్యాల్నా?"

"పో." కసిరినట్టు.

"మరేంది?"

పాలగిన్నెతో వచ్చిన షాహెదా గడపలోనే నిలబడి మమ్మల్నిద్దరినీ చూసింది.

"అరె, బొంతకు అన్నా! అక్క బొంత కుడ్తనంటుంది. గంత గూడ తెల్వదా?"

భూలక్ష్మి తల ఊపింది. కళ్ళలో నీళ్ళున్నాయి గాని ఏడుపు ముఖం కాదు.

వాకిట్లో ఎండ పడేచోట చాప పరిచాము. షాహెదా ఒక పాత చీరను నాలుగు మడతలు చేసి పరిచింది, దాని మీద చిన్న గుడ్డలు సర్దింది, మళ్ళీ పైన ఒక చీర మడత కప్పింది. గాలికి లేవకుండా మూలల మీద రాళ్ళు పెట్టింది. నేను మగ్గం గదిలోంచి నూలు తెచ్చాను. చీర కోసిన తర్వాత మగ్గానికి మిగిలిపోయే పోగులు. మూడు కలిపి తొడమీద పేనితే గట్టి దారం అవుతుంది. సూదిలోకి ఎక్కించి భూలక్ష్మి ఎడమచేతికి ఇచ్చాను.

ఆమె గుచ్చింది. సూది దిగింది. కాని గుడ్డను కింద నుంచి పట్టుకునే చెయ్యి ఏది? గుడ్డ జరిగింది, మడతలు ఊడాయి, సూది వంకరగా ఎక్కడో తేలింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ అంతే. మోకాలితో గుడ్డను నొక్కిపెట్టి చూసింది. పళ్ళతో అంచు పట్టుకుని చూసింది. చివరికి సూదిని వాకిట్లోకి విసిరేసింది.

"నేను కుడ్తలే అక్కా," అంది షాహెదా. "నీ చేతిది నా పిల్లలకు మూడు బొంతలైనయి. ఒక్కటి నేను కుట్టిస్తే ఏమైతది?"

"పో," అంది భూలక్ష్మి. మెత్తగానే అంది. అయినా వద్దనే.

షాహెదా నావైపు చూసి, గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నేను వాకిట్లో వంగి వెతుకుతూ ఉంటే వేపాకుల మధ్య సూది మెరిసింది. తెచ్చి, చాప మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. బొంతను నా ఒడిలోకీ ఆమె ఒడిలోకీ లాక్కుని, కింద చెయ్యి పెట్టాను.

"గుచ్చు."

ఆమె నన్ను చూసింది.

"కుడిచెయ్యి నాది, ఎడమచెయ్యి నీది. గుచ్చు."

గుచ్చింది. కింద నుంచి సూదిమొన నా వేళ్ళకు తగిలింది. పట్టుకుని లాగాను, దారం బిగించాను, మళ్ళీ మొన పైకి పెట్టి ఇచ్చాను. ఎక్కడ పైకి రావాలో నాకు తెలియదు. ఆమె గోటితో గుడ్డ మీద చోటు చూపించేది. నేను అక్కడికి తేల్చేవాణ్ణి. ఒక కుట్టుకు ఇద్దరం. ఆ పొద్దంతా కష్టపడితే జానెడు కుట్టాము. అదీ తిన్నగా లేదు.

అప్పటినుంచి అదే పని. ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు చాప పరిచేవాణ్ణి. చలికి ఆమె చెవులకు రుమాలు కట్టేవాణ్ణి. ఎండ అరుగు మీదికి జరిగితే మేమూ జరిగేవాళ్ళం. మధ్యాహ్నం దాటాకే మగ్గం. మా సందులోనే మగ్గం నేసే రాజన్న అటు వెళుతూ ఆగాడు.

"ఏందన్నా, చీరలు ఇడిసి బొంతలు నేస్తున్నవా?"

"నేసుడు కాదు రాజన్నా, కుట్టుడు. నేసుడే జర నిమ్మలం."

రాజన్న నవ్వుకుంటూ వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగొచ్చి ఒక పాత ధోతి చాప మీద పెట్టాడు. "మా నాయినది. మస్తు మెత్తగుంటది. నడుమ పొరకు ఏసుకోండ్రి," అన్నాడు. భూలక్ష్మి దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. ప్రతి గుడ్డనూ అట్లాగే చూసేది. ఎడమ చెంపకే. కుడి చెంపకు స్పర్శ లేదు. ఎడమ చెంపకు నచ్చితే నా చెంపకూ రుద్దేది, నీకెట్లా ఉందన్నట్టు. నా గడ్డానికి అన్నీ మెత్తగానే ఉంటాయి. నేను తల ఊపితే ఆమెకు నమ్మకం కుదిరేది కాదు, గడ్డం లేని చోటు వెతికి మళ్ళీ రుద్దేది. వీధిలో మనుషులు తిరుగుతుంటే నాకు సిగ్గేసేది. ఆమెకు ఏ సిగ్గూ లేదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేము పగటిపూట ఎదురెదురుగా అంతసేపు కూర్చున్నది లేదు. నేను గుంటలో, ఆమె రాట్నం దగ్గర, మధ్యలో గోడ. కండె అయిపోతే నేను అరిచేవాణ్ణి, ఆమె తెచ్చి ఇచ్చేది. ఇప్పుడు వంగి కుట్టేటప్పుడు ఆమె నుదుటికీ నా నుదుటికీ బెత్తెడు ఎడం కూడా ఉండేది కాదు. పాపిట దగ్గర ఎన్ని వెంట్రుకలు తెల్లబడ్డాయో అప్పుడే చూశాను.

సగం అయింది. చలి తగ్గసాగింది. పొద్దున పొగమంచు లేదు, వేప ఆకులు రాలి వాకిలంతా పసుపుపచ్చగా అవుతోంది. సుమన ఫోన్ చేసినప్పుడల్లా, "అమ్మకు ఇయ్యి నాయినా," అనేది. ఫోన్ చెవి దగ్గర పెడితే భూలక్ష్మి ఊపిరి బిగబట్టి వినేది. అటునుంచి బిడ్డే చెప్పుకునేది, కాళ్ళు వాచాయనీ, మామిడికాయ తినాలనుందనీ. చివర్లో, "సరే అమ్మా, పెట్టేస్తున్న," అంటే, "పో," అనేది తల్లి. ఎంత ముద్దుగా అనేదో. అయినా సుమన ముక్కు చీదుకునేది.

నాకు తొందర పట్టుకుంది. ఈ లెక్కన కుడితే బిడ్డ పుట్టి పాకే వేళకు కూడా బొంత తయారుకాదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని ఆమె కునుకు తీస్తుంటే, నేనొక్కణ్ణే కూర్చుని కుట్టాను. నేర్చుకున్నానన్న ధైర్యం. రెండు చేతులూ ఉన్నవాడికి పని ఎంత తొందరగా సాగుతుందో! ఒక మూల మొత్తం అయిపోయింది. మెచ్చుకుంటుందనుకుని ఆమె తలదగ్గరే పెట్టి మగ్గంలో దిగాను.

కాసేపటికి పట్ పట్ మని దారం తెగుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే భూలక్ష్మి నేను కుట్టినదంతా విప్పుతోంది. ఎడమచేత్తో లాగి, పళ్ళతో తెంపుతోంది. ఒక్క కుట్టు కూడా మిగల్చలేదు.

"ఏందే గిది? గంతసేపు కుట్టిన!"

"పో!"

"ఎవరికోసం కుట్టిన? నాకోసమా? పొద్దుందాక నీ ముందట కూసుంటున్న. మగ్గం మీద చీర గట్లనే ఉన్నది. మగోన్ని, సూది వట్టుకొని వాకిట్ల కూసుంటే ఊరంత చూసి నవ్వుతున్నరు. నువ్వేమో ఇప్పుతున్నవు. ఇప్పుకో. నువ్వే కుట్టుకో!"

విసురుగా వచ్చి మగ్గం గుంటలో దిగాను. నాడె విసిరినప్పుడల్లా పోగులు తెగుతున్నాయి. కట్టుకున్న ఆలి ఒక్క మాటే మిగిలిన మనిషి, ఆమెతో ఇంత గొంతు చేసుకుని అరిచానేమిటని ఒకవైపు బాధ. అయినా కోపం తగ్గలేదు.

కర్ర చప్పుడు వినిపించింది. తల ఎత్తలేదు. కర్ర, తర్వాత కాలు నేలమీద ఈడ్చిన చప్పుడు, మళ్ళీ కర్ర. మా ఇంట్లో మంచం దగ్గరనుంచి మగ్గం గదికి రెండు గడపలు దాటాలి. నా భుజం లేకుండా ఆమె ఒక్క గడప కూడా దాటింది లేదు. తలుపు దగ్గర ఆగింది. భుజం మీద బొంత, జారిపోకుండా గడ్డంతో నొక్కిపట్టుకుంది. ఆయాసపడుతోంది.

"రా," అంది.

నేను గుంటలోంచి ఎక్కాను. బొంత అందుకుని, ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకుని, వాకిట్లోకి నడిపించాను. కూర్చోబెట్టాను. నేనూ కూర్చుని, కోపంతోనే, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్న షాహెదా బకెట్ అక్కడే వదిలేసి వచ్చింది. మా ఇంట్లో అరుపులు విని అంతకుముందే మగ్గం గది కిటికీ దాకా వచ్చి వెళ్ళి ఉంటుంది.

"అన్నా, అక్క ఏమన్నదో ఇన్నవా?"

"ఏమన్నది?"

"రా అన్నది అన్నా. నేను ఇన్న. రా అన్నది!"

నేను భూలక్ష్మి వైపు చూశాను. ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది. నోరు కొంచెం తెరిచి, నాలుకతో పెదవి తడుముకుంటోంది. నా చేతిలో దారం సూది కంట్లోకి ఎక్కడం లేదు. షాహెదా తీసుకుని ఎక్కించి ఇచ్చింది. ఇద్దరం మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాము.

అది మొదలు ఇంట్లో రెండు మాటలయ్యాయి. ఎక్కడ ఏది వాడాలో ఆమెకు నిలకడగా వచ్చేది కాదు. పాలబ్బాయిని రా అనబోయి పో అనేది, అతను గిన్నెలో పోయకుండానే తిరిగిపోయేవాడు. అయినా రెండు మాటలు.

బొంత మూడు పక్కలా అయి, ఒక్క అంచు మిగిలింది. శివరాత్రి రెండు మూడు రోజులుందనగా పొద్దున్నే లేచి, మంచి చీర తీయమని చూపించింది. బొంతను చంకలో పెట్టుకుంది. వాకిట్లోకి వచ్చి బాబా ఆటో వైపు కర్ర చాపింది.

"యాడికే?"

ఆమె పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించింది.

"కొత్తకోటకా? ఆటోల గంత దూరం పోతవా?"

"కర్నూలు పోయినం, కొత్తకోట పోలేమా?" అన్నాడు బాబా, అప్పటికే సీటు తుడుస్తూ.

ఎర్రవల్లి చౌరస్తా దాటి హైవే ఎక్కేసరికి లారీల గాలికి ఆటో ఊగిపోతోంది. బీచుపల్లి వంతెన మీద కృష్ణ గాలి చల్లగా కొట్టింది. నేను బొంత విప్పి ఆమెకు కప్పబోతే చెయ్యి తోసేసింది. అది బిడ్డది. పెబ్బేరు దగ్గర ఆపి టీ తాగించాను. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి, శబ్దం లేకుండా. ఏదో వల్లె వేసుకుంటున్నట్టు.

సుమన గడపలోకి వచ్చి తల్లిని చూసి అక్కడే ఏడ్చేసింది. మా వియ్యపురాలు ధనలక్ష్మి నీళ్ళిచ్చి కుర్చీలు వేసింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. షెడ్డు పెట్టించి, కొడుకును నిలబెట్టి, ఇల్లంతా ఒక్క చేతిమీద నడిపిన మనిషి. చెడ్డది కాదు. మాట ఖరాఖండిగా ఉంటుంది.

భూలక్ష్మి కుర్చీలో కూర్చోలేదు. నేలమీద కూర్చుంది. బిడ్డను పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకుని, "రా," అంది. ఇంకోసారి, "రా."

సుమన అత్తగారి వైపు చూసింది.

"వదినె, నీ కడుపుతీపి నాకు తెల్వదా?" అంది ధనలక్ష్మి. "నేను గూడ ఆడదాన్నే. కాన్పుకు పుట్టింట్లనే ఉన్న. గాని నీ చెయ్యి ఆడదు, కాలు సరిగ ఆడదు. నువ్వేం జేస్తవు చెప్పు? పిల్లకు ఏమన్న అయితే రేపు నువ్వే పరేషాన్ అయితవు."

భూలక్ష్మి బిడ్డ చెయ్యి వదిలింది. బొంత విప్పి ఒడిలో పరుచుకుంది. నన్ను చూసింది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుని కింద చెయ్యి పెట్టాను. ఆమె గుచ్చింది, నేను లాగాను. పైకి ఇచ్చాను, ఆమె అందుకుంది. ఇప్పుడు నాకు గోటితో చూపించనక్కరలేదు. ఎక్కడ తేల్చాలో చేతికి తెలుసు. అట్లా కుట్టుకుంటూ పోయాము. షెడ్డు నుంచి వచ్చిన జగదీశ్ చేతులకు నూనె మరకలతో గుమ్మంలో నిలబడిపోయాడు. బాబా బయట ఆటోలో ఉన్నాడు, లేకపోతే ఏదో ఒకటి అనేవాడు.

ఆ అంచు సగానికి వచ్చాక ధనలక్ష్మి వచ్చి మా దగ్గర కూర్చుంది.

"అన్నా, బాలింతకు పథ్యం కూర వండుతవా?"

"ఆమె చూపిస్తది, నేను వండుత."

"బట్టలు?"

"ఉతుకుత. ఇప్పుడు ఉతుకుతలేనా?"

"రాత్రంత పిల్ల ఏడిస్తే?"

"ఆమెకు నిద్ర వట్టదు, నాకు గూడ వట్టదు. ఎత్తుకుంటం."

"మరి పసిగుడ్డుకు నీళ్ళు ఎవరు పోస్తరు?"

కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి, ఒక చేత్తో మెడ పట్టుకుని ఇంకో చేత్తో నీళ్ళు పోయాలి. ఆ పని ఒక మనిషి రెండు చేతులతో చేయాల్సిందే. రెండు చేతులూ ఒకే మనిషివి కావాలి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అది నాతోని కాదు చెల్లే," అన్నాను.

ధనలక్ష్మి బొంత అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత లేచి, గూట్లోంచి సుమన బ్యాగు తీసింది. పక్కనే ఉన్న ఇంకో సంచి కూడా తీసింది.

"నీళ్ళు పోసేదానికి నేనొస్త," అంది.

"అమ్మా, మరి నాకు?" అన్నాడు జగదీశ్.

"హైవే పొంటి ఇన్ని దాబాలున్నయి. నీకేం రోగం?"

అట్లా ఆ శివరాత్రికి మా ఇల్లు నిండింది. వియ్యపురాలు వచ్చి పురుటికి కోడలి పుట్టింట్లో ఉండడం మా వైపు ఎక్కడా లేదు. వీధిలో నాలుగు రోజులు అదే ముచ్చట. మొదటి పొద్దున టీ ఇచ్చిన ధనలక్ష్మిని భూలక్ష్మి, "పో," అంది. ఆమె గ్లాసు అక్కడ పెట్టి, "నన్ను పొమ్మంటుందా అన్నా?" అని సంచి వైపు చూసింది. "చక్కెర తక్కువైందంటుంది చెల్లే," అన్నాను. నిజంగానే తక్కువైంది. వారం తిరిగేసరికి నాకంటే ఆమెకే బాగా అర్థమయ్యేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, ఒకరు గలగలా, ఒకరు రెండు మాటలతో, గంటలు గంటలు ముచ్చట పెట్టుకునేవాళ్ళు.

బొంత చివరి కుట్టు వేసిన రెండో వారంలో, షాహెదా వాళ్ళకు రంజాన్ ఉపవాసాలు నడుస్తుండగా, గద్వాల సర్కారు దవాఖానలో సుమనకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డను తెచ్చి బొంత మీద పడుకోబెడితే ఒళ్ళు విరుచుకుని, రెండు పిడికిళ్ళూ తలకిరువైపులా పెట్టుకుని నిద్రపోయింది. అప్పటికి చలి పోయింది. పొద్దెక్కితే ఫ్యాను కావలసి వచ్చేది. ధనలక్ష్మి రోజూ నీళ్ళు పోసేది, నేను కాచి తోడి ఇచ్చేవాణ్ణి, భూలక్ష్మి పక్కన కూర్చుని ఎడమచేత్తో బిడ్డ వీపు తుడిచేది.

ఉగాది, రంజాన్ పండుగ వెంటవెంటనే వచ్చి వెళ్ళాయి. ఆ తర్వాత బొంత పరిచి బిడ్డను తొట్లెలో వేశాము. పేరు మాత్రం ఎవరికీ కుదరడం లేదు. జగదీశ్ ఫోన్లో చూసి నోరు తిరగని పేరేదో చెప్పాడు. ధనలక్ష్మి వాళ్ళ అమ్మ పేరు పెట్టాలంది. సుమనకు రెండూ నచ్చలేదు. రాజన్న, బాబా, షాహెదా, వీధిలో ఆడవాళ్ళు, అందరూ తొట్లె చుట్టూ నిలబడి తలా ఒక పేరు చెబుతున్నారు.

"అమ్మ చెప్పాలె," అంది సుమన చివరికి. "అమ్మా, నువ్వు చెప్పు. ఏది చెప్తే అదే."

నాకు భయమేసింది. ఆమె దగ్గర ఉన్నవే రెండు మాటలు. ఇంతమంది ముందు ఎందుకు అడిగిందని సుమన మీద కోపం వచ్చింది. భూలక్ష్మి తొట్లె అంచు పట్టుకుని వంగి లోపలికి చూస్తోంది. ఆమె వేలు బొంత మీద, బిడ్డ పాదాల దగ్గర ఒకచోట ఆగింది. అక్కడే తడుముతోంది. పెదవులు కదిలాయి. మెడ నరాలు బిగిశాయి.

"వ... వర్స," అంది.

"వర్ష!" అని ధనలక్ష్మి ఒక్క అరుపు అరిచింది. "వర్ష అన్నది! ఇన్నరా? వర్ష!"

"వర్ష, వర్ష," అన్నారు అందరూ. సుమన తల్లిని వాటేసుకుంది. షాహెదా కొంగు కళ్ళకు పెట్టుకుంది. జగదీశ్ తల వంచి బిడ్డ చెవిలో ఆ పేరే మూడుసార్లు చెప్పాడు. ఎవరో నా నోట్లో చక్కెర పెట్టారు.

నేను ఆమె వేలు ఆగిన చోటు చూశాను. అక్కడ ఒక కుట్ల వరుస దారం తెగి, జానెడు మేర ఊడి వేలాడుతోంది. నేను సరిగ్గా బిగించని వర్స.

తల ఎత్తి భూలక్ష్మిని చూశాను. ఆమె కూడా నన్నే చూస్తోంది. వాటేసుకున్న సుమన భుజం మీదుగా, ఎడమచెయ్యి ఎత్తి, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది.

అందరూ భోజనాలకు లేచాక సూది, దారం తెచ్చాను. మేలుకొన్న పిల్లను సుమన ఎత్తుకుని వెళ్ళింది. బొంతను మా ఇద్దరి ఒడుల్లోకి లాక్కున్నాము. వంటింట్లోంచి ధనలక్ష్మి గొంతు వినిపిస్తోంది, బిడ్డను ఎత్తుకుని ఆడిస్తూ: "వర్షా! ఓ వర్షమ్మా! మీ అమ్మమ్మ ఎంత మంచి పేరు పెట్టిందే!"

భూలక్ష్మి నవ్వు ఆపుకోలేకపోయింది. ఎడమ పక్కనే విచ్చుకునే నవ్వు, కాని భుజాలు రెండూ కదిలిపోయాయి. ఆ ఊపులో గుచ్చిన సూది గుడ్డ దాటి నా వేలికి దిగింది. నేను కిక్కురుమనలేదు.